మూసిండు.. మూస్తుండె.. మూసిండె: ఇంగ్లిష్ భూతకాలంలో ఏది ముందు? ఏది వెనుక?

రుద్రారం: పటాన్‌చెరు పారిశ్రామికవాడ నుంచి సంగారెడ్డి వరకు ముంబయి జాతీయ రహదారికి అటూ ఇటూ విస్తరించిన కర్మాగారాల్లో షిఫ్ట్ మారే ప్రతిసారీ లాగ్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాయడం ఆనవాయితీ. పని చేసేవారిలో తెలుగువారితో పాటు ఒడిశా, బిహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారూ ఉన్నందున ఆ నాలుగు వాక్యాలు చాలాచోట్ల ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. యంత్రం ఎప్పుడు ఆగింది, ఎవరు ఆపారు, ఆపేటప్పటికి ఏ పని నడుస్తోంది అన్నవి తర్వాతి షిఫ్ట్‌వారికి అందాల్సిన వివరాలు. ఇవన్నీ జరిగిపోయిన సంగతులే. అందువల్ల లాగ్‌బుక్ మొత్తం భూతకాలమే.

జరిగిపోయిన రెండు పనుల్లో ఏది ముందు జరిగిందో, ఏది నడుమలో ఉందో చెప్పడానికి ఇంగ్లిష్‌లో రెండు క్రియారూపాలు ఉన్నాయి. అవే పాస్ట్ పర్ఫెక్ట్, పాస్ట్ కంటిన్యువస్. పాఠశాలలో పన్నెండు కాలాల పట్టికను కంఠస్థం చేసినవారు సైతం వీటి దగ్గర తడబడుతున్నారు. పట్టిక గుర్తుంటుంది గానీ ఎక్కడ ఏది వాడాలో తేలదు. అయితే సంగారెడ్డి ప్రాంతపు వాడుక తెలుగులోనే ఈ రెండింటికీ దగ్గరి రూపాలు ఉన్నాయి. వాటిని గుర్తిస్తే సగం పాఠం పూర్తయినట్లే. అవి ఎక్కడ దారి తప్పిస్తాయో తెలుసుకుంటే మిగిలిన సగమూ పూర్తవుతుంది.

మూడు వాక్యాలు.. మూడు అర్థాలు

ఒక రసాయన కర్మాగారంలో ప్రమాద సూచికగా అలారం మోగిందనుకుందాం. ఆ సమయంలో ఆపరేటర్ ఏం చేశాడన్నది రాయాలి. కింది మూడు వాక్యాలూ వ్యాకరణపరంగా సరైనవే.

1. వెన్ ది అలారం రాంగ్, ది ఆపరేటర్ క్లోజ్డ్ ది వాల్వ్.
2. వెన్ ది అలారం రాంగ్, ది ఆపరేటర్ వాజ్ క్లోజింగ్ ది వాల్వ్.
3. వెన్ ది అలారం రాంగ్, ది ఆపరేటర్ హ్యాడ్ క్లోజ్డ్ ది వాల్వ్.

మొదటి వాక్యం ప్రకారం అలారం మోగింది, దాన్ని విని ఆపరేటర్ వాల్వ్ మూశాడు. అంటే అప్పటిదాకా వాల్వ్ తెరిచే ఉంది. రెండో వాక్యం ప్రకారం అలారం మోగే క్షణానికి మూసే పని నడుస్తోంది. మొదలైంది, పూర్తి కాలేదు. మూడో వాక్యం ప్రకారం అలారం మోగేటప్పటికే వాల్వ్ మూసి ఉంది.

ఈ తేడా వ్యాకరణంతో ఆగదు. తర్వాత విచారణ జరిగితే మొదటి వాక్యం ఆపరేటర్ వెంటనే స్పందించాడని చెబుతుంది. మూడో వాక్యం వాల్వ్ మూశాక కూడా అలారం మోగిందని, కారణాన్ని మరోచోట వెతకాలని సూచిస్తుంది. రెండో వాక్యం చదివిన అధికారి మూయడం ఎప్పుడు మొదలుపెట్టారని తప్పక అడుగుతాడు. రాసినవాడి మనసులో ఒకటి, కాగితంపై మరొకటి ఉంటే జరిగిన సంగతి మారిపోతుంది.

వాడుక మాటలోనే దారి

పై మూడు వాక్యాలను ఈ ప్రాంతంలో మాట్లాడే తెలుగులో చెబితే ఇలా ఉంటాయి. అలారం మోగంగనే ఆపరేటర్ వాల్వ్ 'మూసిండు'. అలారం మోగినప్పుడు ఆపరేటర్ వాల్వ్ 'మూస్తుండె'. అలారం మోగేవరకే ఆపరేటర్ వాల్వ్ 'మూసిండె'.

మూసిండు అంటే క్లోజ్డ్. మూస్తుండె అంటే వాజ్ క్లోజింగ్. మూసిండె అంటే హ్యాడ్ క్లోజ్డ్. పుస్తక భాషలో 'మూస్తూ ఉండెను', 'మూసి ఉండెను' అన్న రూపాలే తెలంగాణ వాడుకలో ఇలా కుదించుకుపోయాయి. 'మూస్తూ' అన్న భాగం పని నడుస్తోందని, 'మూసి' అన్న భాగం పని అయిపోయిందని చెబుతాయి. చివరి 'ఉండె' ఇదంతా గతంలోని సంగతని చెబుతుంది. ఇంగ్లిష్ కూర్పూ ఇంచుమించు ఇదే. నడుస్తున్న పనికి ఐఎన్‌జీ రూపం, అయిపోయిన పనికి మూడో రూపం, గతమని చెప్పడానికి వాజ్ లేదా హ్యాడ్.

పదో తరగతి తెలుగు పాఠంలో చదివిన సంయుక్త, సంక్లిష్ట వాక్యాలను గుర్తుచేసుకున్నా ఇదే తేలుతుంది. 'చేసి', 'వచ్చి', 'మూసి' వంటి రూపాలను తెలుగు వ్యాకరణం క్త్వార్థకాలంటుంది. 'చేస్తూ', 'వస్తూ', 'మూస్తూ' వంటివి శత్రర్థకాలు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం నుంచి నేటి పాఠ్యపుస్తకాల వరకు తెలుగు విద్యార్థి నేర్చుకునే విభజనే ఇది. 'రాముడు అన్నం తిని బడికి వెళ్లాడు' అన్నప్పుడు తినడం ముందు, వెళ్లడం వెనుక అని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 'తిని' అన్న అసమాపక క్రియే ఆ వరుసను మోస్తోంది. తెలుగులో అసమాపక క్రియ చేసే ఈ పనిని ఇంగ్లిష్‌లో చాలాచోట్ల 'హ్యాడ్' చేస్తుంది.

కూర్పు ఎలా?

పాస్ట్ కంటిన్యువస్‌కు వాజ్ లేదా వర్ పెట్టి, క్రియకు ఐఎన్‌జీ చేర్చాలి. ఐ, హి, షి, ఇట్, ఏకవచన నామాలకు వాజ్. వి, యు, దే, బహువచన నామాలకు వర్. ఐ వాజ్ చెకింగ్ ది ప్యానెల్. దే వర్ లోడింగ్ ది డ్రమ్స్.

పాస్ట్ పర్ఫెక్ట్‌కు కర్త ఎవరైనా హ్యాడ్ ఒక్కటే. దాని తర్వాత క్రియ మూడో రూపం రావాలి. షి హ్యాడ్ చెక్డ్ ది ప్యానెల్. దే హ్యాడ్ లోడెడ్ ది డ్రమ్స్.

ఎక్కువ పొరపాట్లు మూడో రూపం దగ్గరే దొర్లుతాయి. 'హ్యాడ్ వెంట్' తప్పు, 'హ్యాడ్ గాన్' ఒప్పు. 'హ్యాడ్ కేమ్' తప్పు, 'హ్యాడ్ కమ్' ఒప్పు. 'హ్యాడ్ బ్రోక్' తప్పు, 'హ్యాడ్ బ్రోకెన్' ఒప్పు. అలాగే హ్యాడ్ టేకెన్, హ్యాడ్ రిటెన్, హ్యాడ్ సీన్, హ్యాడ్ బిగన్ అనాలి. కట్, పుట్, షట్ వంటివి మూడు రూపాల్లోనూ మారవు కాబట్టి 'హ్యాడ్ షట్' అంటే చాలు.

'హ్యాడ్' అన్నది 'కలిగి ఉండెను', 'తిన్నాడు' అన్న అర్థాల్లో సొంత క్రియగానూ వస్తుంది. హి హ్యాడ్ లంచ్ ఎట్ వన్ అంటే ఒంటి గంటకు భోజనం చేశాడని అర్థం. ఇది సాధారణ భూతకాలం మాత్రమే. సూపర్‌వైజర్ వచ్చేసరికి భోజనం ముగించాడని చెప్పాలంటే 'హి హ్యాడ్ హ్యాడ్ లంచ్' అని రెండుసార్లు రావాలి. చూడటానికి వింతగా ఉన్నా అది సరైన వాక్యమే.

'చేసిండె'తో వచ్చే చిక్కు

వాడుక తెలుగు చూపే దారి సగం దూరమే సరిగ్గా తీసుకువెళ్తుంది. 'నిన్న మీ అన్న వచ్చిండె' అన్న వాక్యాన్ని తీసుకుందాం. ఇందులో రెండో సంఘటన ఏదీ లేదు. అన్న నిన్న వచ్చాడు, ఇప్పుడు ఇక్కడ లేడు, అంతే. తెలంగాణ తెలుగులో ఈ వాడుక సహజం. ఇక్కడి దక్కనీ ఉర్దూలో వినిపించే 'ఆయా థా' కూడా ఇదే అర్థాన్నిస్తుంది. హిందీ మాట్లాడే సహోద్యోగి నోటా ఇదే వినిపిస్తుంది. అందువల్ల 'యువర్ బ్రదర్ హ్యాడ్ కమ్ యెస్టర్‌డే' అన్న వాక్యం ఈ ప్రాంతంలో ఎవరికీ తప్పుగా తోచదు.

ప్రామాణిక ఇంగ్లిష్‌లో మాత్రం ఇది అసంపూర్ణం. విన్నవారు 'వచ్చిండె, ఆ తర్వాత?' అన్నట్లు ఎదురుచూస్తారు. గతంలోనే ఉన్న మరో బిందువు కంటే ముందు అని చెప్పడానికే ఆ భాష హ్యాడ్‌ను కేటాయించింది. రెండో బిందువు లేనిచోట 'యువర్ బ్రదర్ కేమ్ యెస్టర్‌డే' అంటే సరిపోతుంది.

సంఘటన ఎంత పాతదన్న దానితో హ్యాడ్‌కు సంబంధం లేదు. నిన్నటిదైతే సాధారణ భూతకాలం, పదేళ్ల కిందటిదైతే హ్యాడ్ అన్న అపోహ చాలామందిలో ఉంది. ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో ఏర్పాటైంది. అర్ధ శతాబ్దం దాటినా దాన్ని ఇంగ్లిష్‌లో 'ఇక్రిశాట్ వాజ్ ఎస్టాబ్లిష్డ్ ఇన్ 1972' అనే చెప్పాలి. 'హ్యాడ్ బీన్ ఎస్టాబ్లిష్డ్' అనాల్సిన పని లేదు. మరోవైపు, అయిదు నిమిషాల కిందటి రెండు పనుల్లో ఒకటి ముందు జరిగితే దానికి హ్యాడ్ రావచ్చు. దూరం లెక్కలోకి రాదు, వరుసే వస్తుంది.

ఉద్యోగ దరఖాస్తుల్లో, ఇంటర్వ్యూల్లో ఈ తప్పు ఎక్కువగా కనిపిస్తుంది. 'ఐ హ్యాడ్ కంప్లీటెడ్ మై డిప్లొమా ఇన్ 2019' అన్న వాక్యంలో హ్యాడ్ అనవసరం. 'ఐ కంప్లీటెడ్ మై డిప్లొమా ఇన్ 2019' అనాలి. సంవత్సరం చెప్పిన తర్వాత మరో గత సంఘటనతో పోల్చనంతవరకు సాధారణ భూతకాలమే శరణ్యం. 'బిఫోర్ ఐ జాయిన్డ్ దిస్ కంపెనీ, ఐ హ్యాడ్ వర్క్డ్ ఇన్ టూ అదర్ ప్లాంట్స్' అన్నప్పుడు మాత్రం చేరడం ఒక బిందువు, అంతకుముందు పని చేయడం మరో బిందువు. అక్కడ హ్యాడ్ చక్కగా ఇముడుతుంది.

'చేస్తుండె'తో వచ్చే చిక్కు

రెండో చిక్కు పాస్ట్ కంటిన్యువస్‌ది. 'చిన్నప్పుడు ఆయన రోజూ పొలానికి పోతుండె' అంటే ఆ రోజుల్లో అది అలవాటని అర్థం. 'నేను చూసినప్పుడు ఆయన పొలానికి పోతుండె' అంటే ఆ క్షణాన దారిలో ఉన్నాడని అర్థం. తెలంగాణ వాడుకలో రెండింటికీ ఒకే రూపం. కోస్తా వాడుకలోనూ, పత్రికా భాషలోనూ మొదటిదానికి 'వెళ్లేవాడు', రెండోదానికి 'వెళ్తున్నాడు' అని వేరు రూపాలు వస్తాయి. ఇంగ్లిష్ కూడా ఈ రెండింటినీ వేరు చేస్తుంది.

అలవాటుకు 'యూజ్డ్ టు' రావాలి. హి యూజ్డ్ టు గో టు ది ఫీల్డ్ ఎవ్రీ డే. ఒకానొక క్షణాన నడుస్తున్న పనికి వాజ్ రావాలి. వెన్ ఐ సా హిమ్, హి వాజ్ గోయింగ్ టు ది ఫీల్డ్. 'వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, ఐ వాజ్ గోయింగ్ టు తెలుగు మీడియం స్కూల్' అన్న వాక్యం ఇక్కడ తరచూ వినిపిస్తుంది. 'ఐ వెంట్' అనో, 'ఐ యూజ్డ్ టు గో' అనో మార్చుకోవాలి.

'యూజ్డ్ టు' ఉందో 'వాజ్' ఉందో ప్రమాద నివేదికలో చాలా ముఖ్యం. 'హి వాజ్ వర్కింగ్ వితౌట్ గ్లవ్స్' అంటే ఆ సమయంలో చేతికి తొడుగులు లేవని మాత్రమే. 'హి యూజ్డ్ టు వర్క్ వితౌట్ గ్లవ్స్' అంటే ఎప్పుడూ అలాగే పని చేసేవాడని, అది అందరికీ తెలిసిన అలవాటని అర్థం. ఒక్క రోజు లోపాన్ని ఏళ్ల నిర్లక్ష్యంగా మార్చే శక్తి ఆ రెండు మాటలకు ఉంది.

ఇంకో జాగ్రత్త. పని కాకుండా స్థితిని చెప్పే క్రియలకు సాధారణంగా ఐఎన్‌జీ చేరదు. నో, బిలీవ్, వాంట్, ఓన్, బిలాంగ్ వంటివి ఈ కోవలోవి. 'ఐ వాజ్ నోయింగ్ హిమ్' తప్పు, 'ఐ న్యూ హిమ్' ఒప్పు. కలిగి ఉండటమన్న అర్థంలో 'హి వాజ్ హావింగ్ టూ వెహికిల్స్' తప్పు, 'హి హ్యాడ్ టూ వెహికిల్స్' ఒప్పు. భోజనం చేయడమన్న అర్థంలో మాత్రం 'హి వాజ్ హావింగ్ లంచ్' సరైనదే.

హ్యాడ్ లేకున్నా చెల్లే చోటు

వరుసను వేరే మాట స్పష్టంగా చెబుతున్నప్పుడు హ్యాడ్ తప్పనిసరి కాదు. ఆఫ్టర్, బిఫోర్ అన్న మాటలే ఏది ముందో చెప్పేస్తాయి. 'ఆఫ్టర్ ది మెకానిక్ స్విచ్డ్ ఆఫ్ ది పవర్, హి ఓపెన్డ్ ది ప్యానెల్' అన్నా, 'హ్యాడ్ స్విచ్డ్ ఆఫ్' అన్నా అర్థం మారదు.

జరిగిన క్రమంలోనే పనులను వరుసగా రాసుకుంటూ పోయినా హ్యాడ్ అక్కర్లేదు. మెకానిక్ వచ్చాడు, పవర్ ఆపాడు, ప్యానెల్ తెరిచాడు అన్నట్లు రాస్తే అన్నీ సాధారణ భూతకాలమే. కథ ముందుకు నడుస్తున్నంతసేపు హ్యాడ్‌కు పని లేదు. మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి అంతకుముందు జరిగినదాన్ని చెప్పాల్సి వచ్చినప్పుడే దాని అవసరం.

'వెన్' అన్నచోట మాత్రం జాగ్రత్త తప్పదు. మూడు వాల్వ్ వాక్యాల్లోనూ 'వెన్' ఉన్నా అర్థాలు వేరయ్యాయి. 'వెన్' తనంతట తాను ఏది ముందో చెప్పదు. ఆ భారమంతా క్రియారూపం మీదే పడుతుంది. 'బై ది టైమ్' అన్నది ఇందుకు భిన్నం. 'అప్పటికే' అన్న అర్థాన్నిచ్చే ఆ మాట పక్కన అయిపోయిన పని వస్తే సాధారణంగా హ్యాడ్ వెంట ఉంటుంది.

మన ఊరి చరిత్రతో అభ్యాసం

రుద్రారం పరిసరాల చరిత్రే ఈ రూపాలకు మంచి అభ్యాసం. మెదక్ జిల్లా నుంచి విడివడి సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. రుద్రారంలో గీతం ప్రాంగణం 2009లోనే మొదలైంది. రెండింటినీ కలిపితే, 'బై ది టైమ్ సంగారెడ్డి డిస్ట్రిక్ట్ వాజ్ ఫార్మ్‌డ్, గీతం హ్యాడ్ ఆల్రెడీ ఓపెన్డ్ ఇట్స్ క్యాంపస్ ఇన్ రుద్రారం' అవుతుంది. ముందు జరిగినదానికి హ్యాడ్, తర్వాత జరిగినదానికి సాధారణ భూతకాలం.

ఐఐటీ హైదరాబాద్ తరగతులు 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలయ్యాయి. సంస్థ ఆ తర్వాత కందిలోని శాశ్వత ప్రాంగణానికి తరలింది. గీతం రుద్రారానికి వచ్చేనాటికి ఐఐటీ ఎక్కడ నడుస్తోందని అడిగితే, 'వెన్ గీతం కేమ్ టు రుద్రారం ఇన్ 2009, ఐఐటీ వాజ్ ఫంక్షనింగ్ ఎట్ ఎద్దుమైలారం' అనాలి. ఇది నడుస్తున్న పని కాబట్టి వాజ్.

రుద్రారంలోని ట్రాన్స్‌ఫార్మర్ల కర్మాగారం సంగతీ అలాంటిదే. విజయ్ ఎలక్ట్రికల్స్ సంస్థ నుంచి ఆ వ్యాపారాన్ని జపాన్‌కు చెందిన తోషిబా 2013లో కొనుగోలు చేసింది. 'విజయ్ ఎలక్ట్రికల్స్ హ్యాడ్ బిల్ట్ ది ఫ్యాక్టరీ బిఫోర్ తోషిబా కేమ్' అంటే కట్టడం ముందు, రావడం వెనుక అని తేలుతుంది. ఇక్కడ 'బిఫోర్' ఉంది కాబట్టి 'బిల్ట్' అని మాత్రమే అన్నా తప్పు కాదు.

ఎంతకాలంగా అని చెప్పాలంటే

గతంలోని ఒక బిందువు వరకు కొంతకాలంగా నడుస్తూ వచ్చిన పనికి రెండు రూపాలూ కలిసి వస్తాయి. హ్యాడ్ బీన్ తర్వాత ఐఎన్‌జీ రూపం పెట్టాలి. ఏ షిఫ్ట్ ఉదయం ఆరింటికి మొదలై, పదకొండింటికి పంపు ఆగిపోయిందనుకుందాం. 'వెన్ ది పంప్ స్టాప్డ్, ఇట్ హ్యాడ్ బీన్ రన్నింగ్ ఫర్ ఫైవ్ అవర్స్' అనాలి. 'ఇట్ వాజ్ రన్నింగ్' అంటే ఆగే క్షణంలో నడుస్తోందని మాత్రమే తెలుస్తుంది. ఎంతసేపటి నుంచి అన్నది చెప్పాలంటే హ్యాడ్ బీన్ కావాలి. గంటల లెక్కకు 'ఫర్', మొదలైన వేళకు 'సిన్స్' వాడాలి. ఫర్ ఫైవ్ అవర్స్, సిన్స్ సిక్స్ ఓ క్లాక్.

కార్మికుడి విశ్రాంతి విషయంలోనూ ఇదే రూపం కీలకం. 'హి వాజ్ వర్కింగ్ ఎట్ టెన్' అన్న వాక్యంలో ఓవర్‌టైమ్ కనిపించదు. 'హి హ్యాడ్ బీన్ వర్కింగ్ సిన్స్ సిక్స్ ఇన్ ది మార్నింగ్' అంటే పదహారు గంటల శ్రమ కళ్లకు కడుతుంది.

సంతకం పెట్టేముందు

కర్మాగారాల చట్టం 1948లోని 88వ సెక్షన్ ప్రకారం మరణం సంభవించినా, గాయపడిన కార్మికుడు 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోయినా మేనేజర్ అధికారులకు నోటీసు పంపాల్సి ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ప్రమాదాల సమాచారం ఇవ్వడాన్ని తప్పనిసరి చేసింది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక పరిశ్రమలో సంభవించిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలను బలిగొన్న తర్వాత ఇలాంటి కాగితాల విలువ ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఏ ప్రమాదంపై విచారణ అయినా చివరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఏది ముందు జరిగింది? ఆ సమయానికి ఏది నడుస్తోంది?

తోటి కార్మికుడి మాటను మరొకరు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు పాస్ట్ పర్ఫెక్ట్ తరచూ అవసరమవుతుంది. 'నేను పొగ చూశాను' అని కార్మికుడు చెబితే నివేదికలో 'హి సెడ్ దట్ హి హ్యాడ్ సీన్ స్మోక్' అని వస్తుంది. చెప్పడం గతం, చూడటం అంతకంటే ముందు గతం. 'నేను డ్రమ్ములు దింపుతున్నాను' అని చెబితే 'హి సెడ్ దట్ హి హ్యాడ్ బీన్ అన్‌లోడింగ్ ది డ్రమ్స్' అని గానీ, ప్రమాద సమయాన్ని చెబుతూ 'హి వాజ్ అన్‌లోడింగ్' అని గానీ రాస్తారు. 'హ్యాడ్ అన్‌లోడెడ్' అని రాస్తే దింపడం అయిపోయిందన్న అర్థం వస్తుంది. అప్పుడు అతను అక్కడ ఎందుకున్నాడన్న ప్రశ్న పుడుతుంది.

కర్మణి ప్రయోగంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 'ది వాల్వ్ వాజ్ ఓపెన్డ్ ఎట్ టూ' అంటే రెండు గంటలకు ఎవరో తెరిచారు. 'ది వాల్వ్ హ్యాడ్ బీన్ ఓపెన్డ్ బిఫోర్ టూ' అంటే రెండు గంటలకు షిఫ్ట్ మారేసరికే తెరిచి ఉంది. మొదటిది బీ షిఫ్ట్ వైపు, రెండోది ఏ షిఫ్ట్ వైపు చూపిస్తుంది. 'ది వాల్వ్ వాజ్ ఓపెన్' అంటే ఎవరు, ఎప్పుడు అన్నది వదిలేసి తెరిచి ఉన్న స్థితిని మాత్రమే చెప్పినట్లు.

రూపంపై అనుమానం ఉన్నప్పుడు సులువైన మార్గం ఉంది. ప్రతి పనికీ గడియారం వేళ రాసి, జరిగిన క్రమంలోనే చిన్న చిన్న వాక్యాలుగా పెట్టాలి. 'ఎట్ 1.40 ది ఆపరేటర్ క్లోజ్డ్ ది వాల్వ్. ఎట్ 1.45 ది అలారం రాంగ్.' ఇందులో హ్యాడ్ లేదు, వరుస మాత్రం చెక్కుచెదరలేదు. ఇంకొకరు రాసిన ఇంగ్లిష్ వాంగ్మూలంపై సంతకం పెట్టేముందు దాన్ని తెలుగులో చెప్పించుకుని, మూసిండా, మూస్తుండెనా, ముందే మూసిండెనా అని ఒక్కో వాక్యానికీ అడిగి తెలుసుకోవడం మేలు.

సరిచూసుకోండి

కింది వాక్యాల్లో తప్పొప్పులు గుర్తించండి.

1. ఐ హ్యాడ్ మెట్ ది హెచ్ఆర్ మేనేజర్ యెస్టర్‌డే.
2. వెన్ వి రీచ్డ్ ది బస్ స్టాప్, ది కంపెనీ బస్ హ్యాడ్ లెఫ్ట్.
3. లాస్ట్ ఇయర్ ఐ వాజ్ నోయింగ్ ఓన్లీ తెలుగు.
4. వైల్ ది ఫిట్టర్ వాజ్ రిపేరింగ్ ది మోటార్, ది పవర్ వెంట్ ఆఫ్.
5. ది కాంట్రాక్టర్ హ్యాడ్ వెంట్ బిఫోర్ ది ఇన్‌స్పెక్టర్ కేమ్.
6. బిఫోర్ 2016, పటాన్‌చెరు వాజ్ బిలాంగింగ్ టు మెదక్ డిస్ట్రిక్ట్.

జవాబులు: 1. తప్పు. రెండో సంఘటన లేదు కాబట్టి 'ఐ మెట్' చాలు. 2. ఒప్పు. చేరేసరికే బస్సు వెళ్లిపోయింది. 'ది కంపెనీ బస్ లెఫ్ట్' అంటే చేరిన తర్వాత, కళ్లముందే వెళ్లిందన్న అర్థం వస్తుంది. 3. తప్పు. 'ఐ న్యూ' అనాలి. 4. ఒప్పు. నడుస్తున్న పనికి వాజ్, మధ్యలో వచ్చిపడినదానికి సాధారణ భూతకాలం. 5. తప్పు. 'హ్యాడ్ గాన్' అనాలి. 'బిఫోర్' ఉంది కాబట్టి 'వెంట్' ఒక్కటే రాసినా సరిపోతుంది. 6. తప్పు. బిలాంగ్ స్థితిని చెప్పే క్రియ కాబట్టి 'పటాన్‌చెరు బిలాంగ్డ్ టు మెదక్ డిస్ట్రిక్ట్' అనాలి.